దుకాణానికి సర్కారు సబ్సిడీ: ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, చేతికి మిగిలేది ఎంత?

మొహల్లాలో కొత్త కాంప్లెక్స్ లేచిందంటే చాలు, మల్గీల గురించి మాటలు మొదలవుతాయి. అడ్వాన్సు ఎంత, పగ్డీ ఎంత, నెల అద్దె ఎంత అన్న లెక్కలతోపాటు ఇంకో మాట కూడా వినిపిస్తుంది. "మైనారిటీలకు సర్కారు సబ్సిడీ ఉంది కదా, దుకాణం పెట్టేయండి, సగం డబ్బు వాళ్లే ఇస్తారు" అని.

ఈ మాటలో కొంత నిజం ఉంది, కొంత లేదు. సబ్సిడీ ఉన్న మాట నిజం. కానీ హోల్‌సేల్‌లో సరుకు తెచ్చి చిల్లరగా అమ్మే మామూలు దుకాణానికి అది చాలావరకు రాదు. వచ్చే దుకాణాలకు కూడా మొదట చేతికి అందేది బ్యాంకు అప్పే, సబ్సిడీ కాదు. ఈ రెండు సంగతులు తెలియక మల్గీకి అడ్వాన్సు కట్టేసి, ఆ తర్వాత బ్యాంకు చుట్టూ తిరిగే కుటుంబాలకు నగలు తాకట్టు పెట్టడం తప్ప దారి ఉండదు. అందుకే ముందు లెక్క తెలుసుకోవాలి.

సర్కారు డబ్బు మూడు రూపాల్లో వస్తుంది

అందరూ అన్నిటినీ కలిపి "సబ్సిడీ లోన్" అంటారు. నిజానికి ఇవి మూడు వేర్వేరు విషయాలు.

మొదటిది పూర్తి గ్రాంటు. తిరిగి కట్టనక్కర్లేని డబ్బు. ఇది చాలా అరుదు, మొత్తం కూడా చిన్నది.

రెండోది అప్పుతో కలిసి వచ్చే సబ్సిడీ. బ్యాంకు అప్పు ఇస్తుంది, అందులో కొంత భాగాన్ని ప్రభుత్వం భరిస్తుంది. ఆ భాగం మీ చేతికి రాదు, అప్పు ఖాతాలోనే జమ అవుతుంది.

మూడోది ఉత్త అప్పు. ప్రభుత్వం పేరు ఉంటుంది, పూచీకత్తు లేకుండా ఇస్తారు, కానీ ప్రతి రూపాయీ వడ్డీతో సహా తిరిగి కట్టాల్సిందే. ముద్రా లోన్ ఈ రకమే. 2015లో మొదలైన ఈ పథకంలో 50 వేల లోపు శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్ అని విభాగాలు ఉన్నాయి. తరుణ్ అప్పు సరిగ్గా తీర్చినవాళ్లకు 20 లక్షల దాకా ఇచ్చే తరుణ్ ప్లస్ 2024లో వచ్చింది. వీటిలో దేనికీ మాఫీ గానీ, అసలులో తగ్గింపు గానీ లేదు. "ముద్రాలో సబ్సిడీ ఇప్పిస్తా" అని ఎవరైనా అంటే ఆ మనిషికి విషయం తెలియదనుకోవాలి, లేదా మోసం చేస్తున్నాడనుకోవాలి.

అందరూ చెప్పుకునే పథకం: పీఎంఈజీపీ

రెండో రకంలో పెద్దది ప్రధానమంత్రి ఎంప్లాయ్‌మెంట్ జనరేషన్ ప్రోగ్రామ్. 2008 నుంచి నడుస్తోంది. ఖాదీ గ్రామోద్యోగ్ కమిషన్ దీన్ని చూస్తుంది. జిల్లాల్లో ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం కూడా దరఖాస్తులు తీసుకుంటాయి. 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకు కేంద్రం దీనికి 13,554 కోట్ల రూపాయలు కేటాయించింది. ఇక్కడ చెప్పే నిబంధనలు ఆ ఐదేళ్ల కాలానివి. దరఖాస్తుకు ముందు తాజా నిబంధనలు పోర్టల్‌లో ఒకసారి చూసుకోవాలి.

తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సర్వీస్ యూనిట్‌కు 20 లక్షల దాకా ప్రాజెక్టు ఖర్చు చూపించవచ్చు. జనరల్ కేటగిరీ పురుషులకు పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం సబ్సిడీ. మైనారిటీలు, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, వికలాంగులు, మాజీ సైనికులు ప్రత్యేక కేటగిరీలోకి వస్తారు. వాళ్లకు పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం. సొంతంగా పెట్టాల్సింది 5 శాతమే.

ముస్లిం దరఖాస్తుదారులకు, మగవాళ్లయినా ఆడవాళ్లయినా, ఈ ఎక్కువ శాతమే వర్తిస్తుంది. అయితే భార్యాభర్తలను ఒక కుటుంబంగా లెక్కిస్తారు. ఇద్దరిలో ఒక్కరికే ఇస్తారు.

సరుకు అమ్మే దుకాణానికి ఎందుకు రాదు?

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. తెచ్చి అమ్మే వ్యాపారానికి ఈ పథకంలో తలుపు దాదాపు మూసే ఉంది. ఈశాన్య రాష్ట్రాలు, నక్సల్ ప్రభావిత జిల్లాలు, అండమాన్ దీవుల్లో మాత్రం అమ్మకపు దుకాణాలకు అనుమతి ఉంది. మిగతా చోట్ల రెండు రకాలకే అవకాశం. ఒకటి, ఖాదీ కమిషన్ గుర్తించిన సంస్థల సరుకు, ఇదే పథకం కింద పెట్టిన యూనిట్ల సరుకు అమ్మే దుకాణం. రెండు, వెనక తయారీ గానీ సర్వీసు గానీ ఉన్న దుకాణం. అది కూడా ఒక రాష్ట్రానికి ఏడాదికి వచ్చే నిధుల్లో 10 శాతం లోపే ఇలాంటి దుకాణాలకు వాడాలి.

దీని వెనక ఉన్న ఆలోచన అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఒక గల్లీలో పది బట్టల దుకాణాలు ఉన్నాయనుకోండి. సర్కారు డబ్బుతో పదకొండోది వచ్చింది. గల్లీకి వచ్చే గిరాకీ అంతే ఉంటుంది, పదికి బదులు పదకొండు వాటాలు పడతాయి. కొత్త దుకాణంలో ఒక కుర్రాడికి పని దొరికితే, పక్క దుకాణంలో ఇంకో కుర్రాడి పని పోవచ్చు. పన్నుల డబ్బుతో ఒక వ్యాపారి గిరాకీని ఇంకో వ్యాపారికి మళ్లించినట్టు అవుతుంది. అదే వెనక గదిలో నాలుగు మిషన్లు పెట్టి కుట్టి అమ్మితే ఆ నలుగురికీ కొత్త పని పుట్టినట్టు. పథకం పేరులో ఉపాధి ఉంది గనక డబ్బు అటే పోతుంది.

మన బజార్లకు అన్వయిస్తే ఇలా ఉంటుంది. సూరత్ నుంచి చీరలు తెచ్చి అమ్మితే రాదు. బురఖాలు, షేర్వానీలు, పిల్లల బట్టలు అక్కడే కుట్టి అమ్మితే అవకాశం ఉంది. మొబైల్ ఫోన్లు, కవర్లు అమ్మితే రాదు. రిపేరు సెంటర్ పెట్టి, దాంతోపాటు సామాను అమ్మితే దరఖాస్తు చేయవచ్చు. గాజులు కొని తెచ్చి అమ్మితే రాదు. లక్క గాజులు తయారుచేసి అమ్మితే తయారీ కిందికి వస్తుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లాడ్ బజార్ చుట్టుపక్కల ఇళ్లలో కొలిమి దగ్గర కూర్చుని చేసే పని కాగితం మీద "తయారీ యూనిట్" అవుతుందని ఆ పని చేసే కుటుంబాల్లో చాలామందికి తెలియదు.

హోటల్ పెట్టాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఒకప్పుడు మాంసాహారం వడ్డించే హోటళ్లు ఈ పథకం నిషేధిత జాబితాలో ఉండేవి. 2022లో మార్చిన నిబంధనల్లో హోటళ్లు, ధాబాల్లో నాన్‌వెజ్ వడ్డించడానికి అనుమతి ఇచ్చారు. పాత కాగితం చూసి "బిర్యానీ హోటల్‌కు రాదు" అని ఎవరైనా పంపించేస్తే కొత్త నిబంధన చూపించమని మర్యాదగా అడగవచ్చు. బీడీ, సిగరెట్, పాన్, మద్యం మాత్రం ఇప్పటికీ జాబితాలోనే ఉన్నాయి.

8 లక్షల దుకాణం, ఒక లెక్క

ఉదాహరణకు ఒక చెల్లెమ్మ హైదరాబాద్‌లో టైలరింగ్ బొటిక్ పెట్టాలనుకుంది. మిషన్లు, ఫర్నిచర్, బట్ట కొనడానికి పెట్టుబడి అన్నీ కలిపి 8 లక్షలు అనుకుందాం.

సొంత వాటా 5 శాతం, అంటే 40 వేలు. బ్యాంకు ఇచ్చే అప్పు 7 లక్షల 60 వేలు. సబ్సిడీ 25 శాతం, అంటే 2 లక్షలు. ఈ 2 లక్షలు ఆమె చేతికి రావు. ఆమె పేరు మీద బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటాయి. ఆ డిపాజిట్‌కు వడ్డీ ఇవ్వరు, అప్పులో అంత భాగానికి వడ్డీ వేయరు. మూడేళ్ల తర్వాత అధికారులు వచ్చి దుకాణం నడుస్తోందా లేదా చూస్తారు. నడుస్తుంటే ఆ 2 లక్షలు అప్పులో సర్దుతారు. మధ్యలో మూతపడితే, చూపించిన పని కాకుండా వేరే పని చేస్తుంటే సబ్సిడీ వెనక్కి పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది.

ఇక ఆమె నిజంగా తీర్చాల్సిన అసలు 5 లక్షల 60 వేలు. వడ్డీ 11 శాతం, గడువు ఐదేళ్లు అనుకుంటే నెలకు కిస్తీ దాదాపు 12,200. ఐదేళ్లలో మొత్తం 7 లక్షల 30 వేలు కట్టాలి. అంటే వడ్డీకే లక్షా 70 వేలు పోతుంది.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. సబ్సిడీ 2 లక్షలు, వడ్డీ లక్షా 70 వేలు. సొంత వాటా 40 వేలు కూడా కలిపితే, 8 లక్షల దుకాణానికి ఆమె చేతి నుంచి పోయేది 7 లక్షల 70 వేలు. సబ్సిడీ చేసిన మేలు దాదాపు వడ్డీని మోయడం వరకే. "సగం డబ్బు సర్కారు ఇస్తుంది" అన్న మాటకూ ఈ లెక్కకూ చాలా దూరం ఉంది. మధ్యలో ఒక ఏజెంటుకు 50 వేలు ముట్టజెప్పారంటే ఆ కాస్త లాభం కూడా పోయి, ఎదురు నష్టమే.

అదే బొటిక్ గ్రామ పంచాయతీ పరిధిలో పెడితే సబ్సిడీ 35 శాతం, అంటే 2 లక్షల 80 వేలు. ఊళ్లో ఉండే కుటుంబాలు పట్నం మల్గీకి పరుగెత్తే ముందు ఈ తేడా చూసుకోవాలి.

అద్దె, పగ్డీ సంగతి

స్థలం కొనే ఖర్చును ప్రాజెక్టులో చూపించడానికి వీల్లేదు. కట్టి ఉన్న షెడ్డు లేదా గది అద్దెను గరిష్ఠంగా మూడేళ్లకు లెక్కగట్టి కలుపుకోవచ్చు. అందుకు రాసుకున్న అగ్రిమెంటు కావాలి. పగ్డీకి చాలాచోట్ల రసీదే ఉండదు. రసీదు లేని ఖర్చును బ్యాంకు ముందు పెట్టడం కుదరదు. కాబట్టి పగ్డీ ఎంత ఇచ్చినా అది మీ జేబు నుంచే అనుకోవాలి.

మల్గీ విషయంలో సర్కారు డబ్బు ఇంకో దారిలో కూడా వస్తుంది. మున్సిపాలిటీలు కట్టే షాపింగ్ కాంప్లెక్సులు అలాంటివే. కట్టడానికి అయిన ఖర్చు ప్రజలది. గదులు వేలంలో ఇస్తారు. వేలంలో పాడుకున్న మనిషి ఒకరు, దుకాణం నడిపే మనిషి ఇంకొకరు అయిన చోట, తక్కువ అద్దె వల్ల వచ్చే లాభం మధ్య మనిషికి పోతుంది. నడిపే మనిషికి కాగితం మీద హక్కు ఉండదు. రేపు మున్సిపాలిటీ తాళం వేస్తే అడగడానికి కూడా వీలుండదు.

వక్ఫ్ మల్గీల కథ కూడా తెలుసుకోవాలి. 1974-75 నుంచి కేంద్రం ఇచ్చిన గ్రాంటుతో సెంట్రల్ వక్ఫ్ కౌన్సిల్ పట్టణాల్లో వక్ఫ్ స్థలాల మీద షాపింగ్ కాంప్లెక్సులు, షాదీఖానాల వంటివి కట్టుకోవడానికి వక్ఫ్ సంస్థలకు వడ్డీ లేని అప్పులు ఇస్తూ వచ్చింది. ఖాళీగా పడి ఉన్న జాగాకు ఆమ్దనీ రావాలి, ఆ అద్దెతో అప్పు తీరాలి, తీరిన డబ్బు ఇంకో ఊరి వక్ఫ్‌కు అప్పుగా వెళ్లాలి. ఇదీ ఏర్పాటు. ఇక్కడ గ్రాంటు దుకాణదారుడికి కాదు, వక్ఫ్‌కు. దుకాణదారుడు సరైన అద్దె కట్టకపోతే ఆ గొలుసు తెగిపోతుంది. 2013 సవరణ తర్వాత వక్ఫ్ ఆస్తిని 30 ఏళ్లకు మించి లీజుకు ఇవ్వడం చెల్లదు. "ఎప్పటికీ మీదే" అని ఎవరైనా వక్ఫ్ మల్గీని పగ్డీకి ఇస్తే ఆ మాటకు విలువ లేదు.

చిన్నవాళ్లకు వేరే దారులు

అందరికీ 8 లక్షల దుకాణం అక్కర్లేదు. చిన్న పని చేసుకునేవాళ్లకు వేరే పథకాలు ఉన్నాయి.

బండి మీద, ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్లకు 2020లో మొదలైన పీఎం స్వనిధి ఉంది. మొదట 10 వేలు, తీర్చాక 20 వేలు, ఆ తర్వాత 50 వేలు ఇచ్చేవారు. 2025 ఆగస్టులో దీన్ని 2030 మార్చి దాకా పొడిగించి, మొదటి అప్పును 15 వేలకు, రెండోదాన్ని 25 వేలకు పెంచారు. సమయానికి కడితే వడ్డీలో 7 శాతం సర్కారు భరిస్తుంది. అసలు మాత్రం మనమే తీర్చాలి.

చేతి పనివాళ్లకు 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ ఉంది. దర్జీలు, మంగలివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, తాళాలు చేసేవాళ్లు, తాపీ మేస్త్రీలతో కలిపి 18 వృత్తులు ఇందులో ఉన్నాయి. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేల వోచర్ ఇస్తారు. ఇవి తిరిగి కట్టేవి కావు. ఆ తర్వాత 5 శాతం వడ్డీతో మొదట లక్ష, తీర్చాక 2 లక్షల దాకా అప్పు దొరుకుతుంది. కుటుంబంలో ఒక్కరికే.

బేకరీ, పచ్చళ్లు, మసాలా పొడులు, మిఠాయి చేసేవాళ్లకు 2020లో మొదలైన పీఎంఎఫ్ఎంఈ ఉంది. 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌ను పెంచుకోవడానికి కూడా ఇది వర్తిస్తుంది. పీఎంఈజీపీలో మొదటి అప్పు అలా కాదు, కొత్తగా పెట్టే యూనిట్లకే. వేరే పథకం సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కు పీఎంఈజీపీ ఇవ్వరు. కాబట్టి ఏది మేలో ముందే తేల్చుకోవాలి.

ప్రకటన వేరు, డబ్బు వేరు

రాష్ట్ర పథకాల్లో గ్రాంటు భాగం ఎక్కువ. కానీ అవి ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. తెలంగాణలో 2023 జూలైలో అప్పటి ప్రభుత్వం మైనారిటీలకు లక్ష రూపాయలు నూరు శాతం సబ్సిడీతో ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2025లో రాజీవ్ యువ వికాసం ప్రకటించింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఈడబ్ల్యూఎస్ యువతకు 50 వేల లోపు యూనిట్‌కు నూరు శాతం, లక్ష దాకా 90 శాతం, 2 లక్షల దాకా 80 శాతం, 4 లక్షల దాకా 70 శాతం సబ్సిడీ అన్నారు. జూన్ 2న మంజూరు పత్రాలు ఇస్తామని చెప్పి, వాయిదా వేశారు.

పార్టీ ఏదైనా ఇందులో పాఠం ఒకటే. దరఖాస్తు చేసుకోవడం మన హక్కు, తప్పకుండా చేసుకోవాలి. కానీ దరఖాస్తు రసీదు చూసి మల్గీకి అడ్వాన్సు కట్టకూడదు. మంజూరు కాగితం వచ్చాక కూడా ఖాతాలో డబ్బు పడేదాకా చేతిలో ఉన్న పనిని వదులుకోకూడదు.

వడ్డీ మాట

చాలా ఇళ్లలో ఈ చర్చ వడ్డీ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి విషయం సూటిగా చెప్పుకోవాలి. పీఎంఈజీపీ, ముద్రా, స్వనిధి, విశ్వకర్మ అప్పు, పీఎంఎఫ్ఎంఈ, వీటన్నిటిలో వడ్డీ ఉంది. సబ్సిడీ వల్ల భారం తగ్గుతుంది గానీ వడ్డీ పోదు. వడ్డీ లేనివి విశ్వకర్మ పనిముట్ల వోచర్, శిక్షణ భత్యం, రాష్ట్ర పథకాల్లో నూరు శాతం గ్రాంటు ఉన్న చిన్న యూనిట్లు. "ఇది సర్కారు డబ్బు, వడ్డీ లేదు" అని ఏజెంటు చెప్పిన మాట మీద సంతకం చేసి, తర్వాత పాస్‌బుక్‌లో వడ్డీ చూసి బాధపడటం కన్నా, సంతకానికి ముందే ఇంట్లో మాట్లాడుకుని, అవసరమైతే తెలిసిన ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవడం మంచిది.

బ్యాంకుకు వెళ్లే ముందు

పీఎంఈజీపీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఉచితం. దళారులకు ఇందులో చోటు లేదని ఖాదీ కమిషనే చెబుతుంది. ఆధార్, పాన్, ప్రాజెక్టు రిపోర్టు, కేటగిరీ పత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. తయారీలో 10 లక్షలు, సర్వీసులో 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. వయసు 18 దాటాలి.

కనీసం 10 లక్షల దాకా అప్పుకు ఇల్లు గానీ బంగారం గానీ తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చిన్న పరిశ్రమల విషయంలో నిబంధన పెట్టింది. ఎవరైనా అడిగితే కారణం రాసి ఇవ్వమని కోరండి. దరఖాస్తు తిరస్కరించినా కారణం రాతలో తీసుకోండి. నోటి మాటతో వెనక్కి రావద్దు.

ప్రాజెక్టు రిపోర్టును ఇంటర్నెట్ సెంటర్‌లో ఎవరిదో కాపీ కొట్టించవద్దు. మేనేజరు మొదట అడిగేది "నెలకు ఎన్ని జతలు కుడతారు, ఎవరు కొంటారు" అనే. అందుకు జవాబు మీ దగ్గరే ఉండాలి.

అన్నిటికన్నా ముందు ఒక కాగితం తీసుకుని మూడు అంకెలు రాయండి. నెల అద్దె, నెల కిస్తీ, కరెంటు జీతాల ఖర్చు. ఆ మూడూ కలిపి నెలలో 26 రోజులతో భాగించండి. పొద్దున షట్టర్ ఎత్తగానే ఆ రోజు ఆ మొత్తం అప్పు ఉన్నట్టే. ఆ గల్లీలో, ఆ గిరాకీతో రోజూ అంత మిగులు వస్తుందా? వస్తుందనిపిస్తే సబ్సిడీ నిజంగా సాయం చేస్తుంది. రాదనిపిస్తే 25 శాతం కాదు, 35 శాతం ఇచ్చినా ఆ దుకాణం నిలబడదు. మల్గీ ఖాళీ చేయాల్సి వచ్చిన రోజు సబ్సిడీ సర్కారు దగ్గరికే తిరిగిపోతుంది, కిస్తీ మాత్రం ఇంటికి వస్తుంది.